చిలకపచ్చ బాడీకి ఎర్రంచు: చిలపల్లో మెరిసిన రంగు చీరలో ఎందుకు మాసింది?

అంచుపోగు అడిగారు:

80వ నంబరు నూలు చీర. బాడీ చిలకపచ్చ, రెండువైపులా 4 ఇంచుల అంచు, మిరపపండు ఎరుపు. రెండూ రియాక్టివ్ రంగులే (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగులు). చిలపలు (నూలు చుట్టలు) పక్కపక్కన వేలాడదీసినప్పుడు చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. తీరా నేశాక బాడీ బాగానే ఉంది గానీ అంచు మాత్రం ఇటుకపొడి రంగుకు దిగిపోయింది. అద్దకంలో తేడా లేదు. అంచులోంచి ఒక పడుగు (నిలువు) పోగు లాగి చూస్తే అదే ఎరుపు.

మగ్గం వివరాలు: 80 రీడు (పడుగు పోగుల్ని దూరంగా ఉంచే దువ్వెనలాంటి పలక, రెండు ఇంచులకు 80 సందులు), అంచులో కూడా సందుకు రెండు పోగులే. పేక (అడ్డపోగు) ఇంచుకు 72. పేకను మోసే నాడె ఒకటే, ఈ చివర నుంచి ఆ చివరికి పచ్చ పేకే పోతుంది.

ఇంకో మగ్గం మీద నీలం బాడీకి నల్లంచు, కుప్పడం పని (బాడీకీ అంచుకూ వేరు వేరు పేకలతో నేసే పద్ధతి). అక్కడ రెండు పేకలూ కలవవు కదా, అయినా నలుపు తుప్పు పట్టినట్టు కనబడుతోంది. రంగు వేసినాయన తన తప్పేం లేదంటున్నారు.

ఈ రెంటికీ కారణం ఒకటేనా? రంగులు మార్చకుండా సరిచేసే దారి ఉందా? అసలు కాంట్రాస్ట్ ఎంచుకోడానికి కంటి అంచనా కాకుండా ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి.

రంగులబట్టి:

ఎరుపు పలచగా పడి ఉంటుంది. 2 శాతం వేసి ఉంటే 4 శాతానికి పెంచండి, అంచు దానంతటదే లేస్తుంది. నేశాక ఉప్పు నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే రంగు గట్టిపడుతుంది కూడా.

పడుగుపేక:

రంగులబట్టి గారూ, అలా కాదండి. పోగు లాగి చూస్తే సరైన ఎరుపే ఉందని ఆయనే రాశారు. ఎరుపు ఎంత చిక్కగా వేసినా దాని మీదుగా పచ్చ పేక దాటుతున్నంత కాలం అంచు మట్టిరంగే. చిక్కన చేసే కొద్దీ ఇంకా నల్లబడుతుంది కూడా. ఉప్పు సంగతి కింద రాస్తాను.

అంచుపోగు గారూ, మీ రెండు చీరలవీ రెండు వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మొదటిదానికి నేను చెబుతాను, నలుపు సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు.

చిలపలు పక్కపక్కన పెట్టినప్పుడు కంటికి రెండు పెద్ద మచ్చలు కనబడతాయి. మచ్చ పెద్దదైతే పక్క రంగు దాన్ని ఎత్తి చూపిస్తుంది. అదే రెండు రంగుల్ని పోగు పోగుకీ అల్లితే కన్ను వాటిని విడదీయలేదు, కలిపేసి ఒక్కటిగా చూస్తుంది. మీ రీడులో పోగుకీ పోగుకీ మధ్య దూరం ఇంచులో 80వ వంతు, అంటే 0.32 మిల్లీమీటరు. మామూలు చూపు ఉన్న మనిషి అంత చిన్నదాన్ని మీటరు దూరం దాటితే విడిగా చూడలేడు. వెలుగులో పెద్ద తేడా లేని రంగులైతే అంతకంటే దగ్గరే కలిసిపోతాయి. కట్టిన చీరను ఎక్కువగా మీటరు దాటిన దూరం నుంచే చూస్తారు కదా. ఎరుపూ పచ్చా అలా కలిస్తే వచ్చేది మట్టిరంగు. మధుపర్కాల్లో తెల్ల పేక ఎర్రంచులోంచి పోయిన చోట ఎరుపు కాస్త గులాబీకి తిరగడం చూసే ఉంటారు. ఇదీ అదే లెక్క.

ఇప్పుడు అంచులో పడుగెంత, పేకెంత కనబడుతోందో చూడండి. ఇంచుకు 80 పడుగు, 72 పేక. సాదా నేతలో అది దాదాపు సగం సగం. ఎరుపు కనబడాలంటే ఈ పాళ్ళు మార్చాలి.

తేలికైన దారి, అంచులో మాత్రం రీడు సందుకు రెండు బదులు నాలుగు పోగులు దూర్చడం. అప్పుడు ఇంచుకు 160 పడుగు పోగులవుతాయి, పైకి కనబడే రంగులో దాదాపు 70 శాతం ఎరుపే ఉంటుంది. 80వ నంబరు నూలు సన్నం కాబట్టి రీడు సందులో నాలుగూ పడతాయి. 60వ నంబరు అయితే నూలు లావు, రాపిడి ఎక్కువ, మూడుతో ఆగడం మంచిది. 4 ఇంచుల అంచుకు 320 పోగుల బదులు 640, రెండువైపులా కలిపి 640 పోగులు అదనం. దానికి తగ్గట్టు అచ్చులో (పడుగు పోగుల్ని ఎత్తి దించే చట్రంలో) కళ్ళు కూడా పెంచుకోవాలి.

ఇందులో చెడేది ఎక్కడంటే, ఒత్తుగా ఉన్న పడుగు పేక చుట్టూ ఎక్కువ వంపు తిరుగుతుంది. అందుకని బాడీ పడుగు కంటే అంచు పడుగు తొందరగా ఖర్చవుతుంది. రెండూ ఒకే దోనెకు (పడుగు చుట్టే దుంగకు) చుట్టి ఉంటే నాలుగైదు గజాలు నేసేసరికి అంచు బిగిసి, బాడీ వదులై, చీర పడవలా ముడుచుకుంటుంది. అంచు పడుగును విడిగా చుట్టి, విడిగా బరువు కట్టి వదలాలి. గంజి కూడా అంచుకు కొంచెం చిక్కగా పట్టించాలి, లేకపోతే ఆ ఇరుకులో నూగు రేగి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి.

డాబీ (పడుగు పోగుల్ని కావలసిన వరసలో ఎత్తే పరికరం) ఉంటే అంచును సాటిన్‌లో నేయొచ్చు. పడుగు పోగు నాలుగు పేకల మీదుగా తేలి ఒకదాని కింద మునుగుతుంది. పైకి అయిదింట నాలుగు వంతులు ఎరుపే. అయితే వెనక వైపు పచ్చ తేలుతుంది, కొంగు తిరగబడినప్పుడు అది బయటపడుతుంది. కొనేవాళ్ళు అక్కడే చూస్తారు.

అసలైన మందు కుప్పడం. మూడు నాడెలు: బాడీకి ఒకటి, రెండంచులకూ ఒక్కోటి. అంచు దగ్గర బాడీ పేక, అంచు పేక ఒకదాన్నొకటి పెనవేసుకుని ఎవరి వైపు వాళ్ళు వెనక్కి తిరుగుతాయి. ఎర్ర పడుగులోకి ఎర్ర పేకే. గద్వాల చీరలో నూలు బాడీకి పట్టు అంచు అంత నిగనిగలాడేది ఇందుకే. మరి పెనవేసే చోట జాగ్రత్త: అంచు పేకను గట్టిగా లాగితే అతుకు గీత వెంట బట్ట ముడతలు పడుతుంది, వదులుగా వదిలితే అక్కడ సందులు కనబడతాయి. అతుకంతా ఒకే పోగు మీద పడితే అక్కడ లావు గీత కడుతుంది. కోటకొమ్మ పళ్ళలా ముందుకీ వెనక్కీ జరుపుతూ పోతే లావు పంచుకుపోతుంది, చూడ్డానికీ అందం. అంచు పేక బాడీ పేక కంటే లావుగా ఉండకూడదు. లావైతే ఇంచుకు 72 అక్కడ దిగవు, అంచు పొడుగు సాగి అలలు తిరుగుతుంది.

ఇవేవీ కుదరకపోతే, పేకతో పొత్తు కుదిరే అంచు వేసుకోండి. పసుపు పేక ఎర్రంచులోంచి పోతే నిప్పురంగు, నీలం పేక పోతే ఊదా, నీలం అంచులోంచి పచ్చ పేక పోతే నెమలికంఠం. ఇవి చెడిపోవు, కొత్త రంగవుతాయి. పచ్చ, ఎరుపు జంటకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఉప్పు సంగతి: రియాక్టివ్ అద్దకంలో ఉప్పు తొట్టిలో ఉన్నప్పుడు రంగును నీళ్ళలోంచి నూలు వైపు తోస్తుంది. పట్టి ఉంచేది సోడా. నేసిన చీరను తర్వాత ఉప్పులో నానబెడితే ఏమీ పట్టదు. వదిలే రంగు వదులుతూనే ఉంటుంది.

రంగులబట్టి:

ఉప్పు మాట ఒప్పుకుంటున్నా. కానీ పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి డబుల్ షేడ్ అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు కదా. ఎరుపు, పచ్చ డబుల్ షేడ్ కూడా ఉంది. అక్కడ మట్టిరంగు ఎందుకు రాదు?

పడుగుపేక:

మంచి ప్రశ్న. పట్టు పోగు నున్నగా, అద్దంలా వెలుతురును ఒకవైపుకే కొడుతుంది. పడుగూ పేకా అడ్డం నిలువు కాబట్టి బట్ట ఒక వైపు వంగినప్పుడు పడుగు మెరుస్తుంది, ఇంకో వైపు వంగినప్పుడు పేక. కుచ్చిళ్ళ మడతల్లో ఒక చోట ఎరుపు, ఒక చోట పచ్చ. అలా రెండు రంగులూ మళ్ళీ పెద్ద మచ్చలై పక్కపక్కకు వచ్చేస్తాయి. నూలుకు నూగు ఉంటుంది, వెలుతురు నలుమూలలకూ చెదురుతుంది, ఏ కోణంలో చూసినా కలగలుపే. అదే పట్టు చీరను బల్ల మీద చదునుగా పరిచి దూరం నుంచి చూడండి, అదీ మాసినట్టే కనబడుతుంది.

నీలిమందు:

నలుపు గురించి. రంగు వేసినాయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఇదే ఫిర్యాదు రెండు వందల ఏళ్ళ కింద పారిస్‌లో వచ్చింది. గోబ్లాన్ రాజ నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా వచ్చాడు. నీలం, ఊదా బట్టల నీడల్లో వాడే నల్ల ఉన్నిలో బలం లేదని నేతగాళ్ళు గోల పెట్టారు. ఆయన వేరే చోట్ల నుంచి నల్ల ఉన్ని తెప్పించి పోల్చాడు. అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలమే నలుపును చెడగొడుతోందని తేల్చాడు. 1839లో దాన్ని సూత్రంగా అచ్చేశాడు: పక్కపక్కనున్న రెండు రంగుల్ని కన్ను ఉన్నదానికంటే ఎక్కువ తేడాగా చూస్తుంది. రంగులోనూ అంతే, వెలుగులోనూ అంతే.

మీ చీరకు అన్వయించుకోండి. నీలానికి ఎదురు రంగు నారింజ. చిక్కటి నీలం పక్కన ఏ మచ్చ పెట్టినా కన్ను దాని మీద పలచటి నారింజ పూస్తుంది. నలుపు మీద నారింజ పడితే తుప్పు. బాడీ ఎరుపైతే అదే నలుపు కొంచెం పచ్చగా తోస్తుంది, ఊదా అయితే పసుపుపచ్చ జీర. పసుపు పక్కన నలుపు ఎందుకంత నిండుగా ఉంటుందంటే, పసుపుకు ఎదురుగా వచ్చేది నీలి ఊదా, అది నలుపును లోతు చేస్తుంది. వెలుగు తేడా కూడా తోడవుతుంది.

కాబట్టి అంచు నలుపును విడిగా చూసి సరే అనుకోకూడదు, ఏ బాడీ పక్కకు పోతుందో ఆ బాడీ మీద పెట్టి చూడాలి. నీలం పక్కకైతే నలుపునే కొంచెం నీలి వైపు మొగ్గేలా వేయించండి. రియాక్టివ్‌లో నలుపు బి (బ్లాక్ బి) పేరుతో వాడే రంగు అసలు నీలి నలుపే. చిక్కటి నలుపు పేరుతో అమ్మే పొడుల్లో నారింజ, ఎరుపు కలిపి దాన్ని మామూలు నలుపుకు తెస్తారు. ఆ కలిపినదే మీ కొంప ముంచుతోంది. కలపనిదాన్ని అడగండి, లేదా నీలిమందు అడుగు వేసి పైన నలుపు కొట్టించండి. విడిగా చూస్తే ఆ నూలు నలుపులా అనిపించదు, ముదురు నీలం అంటారు. భయపడకండి, నీలం పక్కన అదే నలుపవుతుంది.

ఇప్పటికే అద్దేసిన నల్ల పడుగు మిగిలి ఉంటే, ముందు ముందు నేసే చీరల్లోనైనా అతుకు దగ్గర తెల్లదో జరీదో గీత పెట్టండి. రెండు మిల్లీమీటర్లు చాలు. రంగులు ఒకదాన్నొకటి తాకకపోతే ఈ ప్రభావం బాగా తగ్గుతుంది.

అంచుపోగు:

ఇద్దరికీ దండాలు. పచ్చ చీరకు ముందు నాలుగు పోగుల అంచు వేసి చూస్తా. నల్లంచుకు నీలి నలుపు. ఎంపిక పద్ధతి గురించి ఎవరైనా చెబితే బాగుంటుంది. నారాయణపేట తరహా గళ్ళ చీర కూడా ఒకటి అనుకుంటున్నాం: పసుపు మీద నల్ల గళ్ళు, కుప్పడంలో బాటిల్ పచ్చ అంచు, దాని పక్కనే కుంకుమ ఎరుపు పట్టీ.

గళ్ళచీర:

మీరు చెప్పిన చీరలోనే రెండు ప్రమాదాలున్నాయి, దాంతోనే చెబుతాను.

కాంట్రాస్ట్ అనగానే అందరూ ఎరుపు, పచ్చ అని రంగుల పేర్లే చూస్తారు. దూరం నుంచి చీరను నిలబెట్టేది ముందు వెలుగు తేడా, తర్వాతే రంగు తేడా. ఫోన్లో రెండు చిలపల ఫోటో తీసి నలుపు తెలుపుకు మార్చండి. రెండూ ఒకే బూడిదగా వస్తే ఆ జంట అనుమానం. బాటిల్ పచ్చా కుంకుమ ఎరుపూ దాదాపు అలాగే వస్తాయి. అలాంటివి నేరుగా తాకితే, దగ్గరగా చూసినప్పుడు అంచు గీత అదురుతున్నట్టుంటుంది, దూరంగా చూసినప్పుడు గీతే కనబడదు. మధ్యలో సన్న జరీ గానీ తెలుపు గానీ నాలుగైదు పోగులు వేస్తే అదురు ఆగుతుంది. చీరాల, పుట్టపాక తేలియా రుమాళ్ళలో (ఇక్కత్ బట్టల్లో) ఎరుపూ నలుపూ పక్కపక్కన ఎంత ముదురుగా ఉన్నా బొమ్మ విడిగా ఎందుకు కనబడుతుందో చూడండి. మధ్య తెలుపు ఆ పని చేస్తోంది. మీ మొదటి చీరలో చిలకపచ్చ లేత, మిరపపండు ముదురు, వెలుగు తేడా ఉంది. జంట తప్పు కాదు, నేత తప్పు.

రెండోది గళ్ళు. షెవ్రూల్ సూత్రం పెద్ద మచ్చలకు నిలుస్తుంది, సన్నగీతలకు తిరగబడుతుంది. పసుపు మీద నల్లగీతలు రెండేసి పోగులవి, దగ్గర దగ్గరగా వేస్తే పసుపు మెరవదు, నలుపు దాని మీదకు పాకినట్టు మసక పసుపవుతుంది. అదే చోట తెల్లగీతలు వేస్తే ఆ పసుపే లేతబడుతుంది. విల్‌హెల్మ్ ఫాన్ బెజోల్డ్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని బెజోల్డ్ ప్రభావం అంటారు. ఒక్క గీత రంగు మారిస్తే బట్ట రంగంతా మారినట్టుంటుంది. అందుకని గడి అర ఇంచు కంటే చిన్నదైతే నల్లగీత వద్దు, ముదురు ఎరుపు చాలు. గడి ఇంచూ ఆపైన అయితే నలుపు వేయండి, పసుపు ఎగిసి కనబడుతుంది.

పరీక్షకు అట్టముక్క మీద నూలు చుట్టడం అందరూ చేస్తారు, కానీ రెండు పొరపాట్లుంటాయి. ఒకటి, పడుగు మాత్రమే చుట్టి ఆపుతారు. సూదితో పేక కూడా అల్లాలి, రెండు ఇంచుల ముక్క చాలు. అది చేసి ఉంటే మీ ఇటుకపొడి అంచు ఆ అట్ట మీదే బయటపడేది. రెండోది, చీరను నాలుగో వంతుకు కుదించి చుడతారు. అంచు వెడల్పు పాళ్ళు తెలుసుకోడానికి అది సరే. గీతలు, గళ్ళు మాత్రం అసలు కొలతలోనే ఉండాలి. కుదించగానే కన్ను వేరే విధంగా చూస్తుంది, పైన చెప్పిన తిరగబాటు వచ్చేస్తుంది.

ఆ అట్టను బూడిద రంగు కాగితం మీద, పగటి వెలుతురులో, మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. ఎర్ర దుప్పటి మీద పరిచి రంగులు ఎంచితే మీరు ఎంచుతున్నది దుప్పటి చెప్పిన రంగు. ఒకసారి ఎల్‌ఈడీ కింద కూడా చూడండి. పగలు జోడీ కుదిరిన రెండు ఎరుపులు ట్యూబులైటు కింద విడిపోవడం మామూలే.

పాళ్ళ గురించి ఒక్క మాట. రెండు గట్టి రంగులు సగం సగం ఉంటే చూపు ఎక్కడా ఆగదు. 48 ఇంచుల చీరకు రెండు 4 ఇంచుల అంచులంటే ఆరో వంతు, అది బాగా కుదిరే పాలు. 8 ఇంచుల అంచులు రెండు పెడితే మూడో వంతు, అప్పుడు బాడీ కొంచెం నిమ్మళమైన రంగు కావాలి. ఎరుపు, పచ్చ రెండూ నిండుగా కావాలంటే గంగా జమునా పద్ధతి ఉండనే ఉంది: ఒకవైపు అంచు ఎరుపు, రెండోవైపు పచ్చ, బాడీ లేత గోధుమ. రెండంచులూ ఎక్కడా తాకవు, కట్టుకున్నాక పైటలో ఒకటి, కుచ్చిళ్ళ కింద ఒకటి కనబడతాయి.

కొట్టుబల్ల:

అమ్మే వైపు నుంచి రెండు ముక్కలు. షెవ్రూల్ ఇంకోటి కూడా రాశాడు: ఒకే ఎరుపు బట్టలు 14 వరసగా చూపిస్తే కొనేవాడికి చివరి ఆరేడు నాసిగా తోస్తాయి, అన్నీ ఒకటే అయినా. ఎరుపు చూసి చూసి కన్ను అలిసి దాని మీద పచ్చ పూస్తుంది. మధ్యలో పచ్చ బట్ట చూపిస్తే తర్వాతి ఎరుపు మళ్ళీ లేస్తుంది. కొట్లో ఎర్ర చీరలన్నీ ఒక దొంతరగా విప్పేవాళ్ళు ఇది గమనించాలి. నేతగాళ్ళు కూడా ఒక్క కూర్చోవడంలో పది ఎరుపుల్లోంచి ఒకటి ఎంచకండి.

రెండోది, కాంట్రాస్ట్ చీరల మీద వచ్చే ఫిర్యాదుల్లో ముందుండేది రంగు పాకడం. ఎర్రంచు పసుపు గళ్ళలోకి దిగితే చీర అయిపోయినట్టే, ఒకే రంగు చీరలో అయితే తెలిసేది కూడా కాదు. నేయక ముందే నూలుతో పరీక్షించండి. ఎర్ర నూలు ముక్కను తెల్ల నూలు బట్టకు కుట్టి, లీటరుకు 5 గ్రాముల సబ్బు కలిపిన 40 డిగ్రీల నీళ్ళలో అరగంట తిప్పండి. నూలు బరువుకు 50 రెట్లు నీళ్ళు. తెల్లబట్ట గులాబీ అయితే ఆ నూలు మగ్గమెక్కకూడదు. అది పట్టని రంగు నూలులోనే మిగిలిపోవడం వల్ల వచ్చేది. అద్దకం తర్వాత లీటరుకు ఒకటి రెండు గ్రాముల సబ్బుతో మరిగే నీళ్ళలో పది పదిహేను నిమిషాలు, నీళ్ళు తేరేదాకా మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టి తీయాలి. కట్టెల ఖర్చు చూసుకుని ఒక్కసారితో ఆపేస్తారు. ఇది నూలు సంగతి, పట్టును ఇలా మరిగించకండి.

అంచుపోగు:

పసుపు చీరకు ఇంచు గళ్ళే పెడుతున్నాం, నల్లగీతలు నాలుగు పోగులవి. పచ్చంచుకూ ఎర్ర పట్టీకీ మధ్య జరీ అయిదు పోగులు. ఒక అనుమానం మిగిలింది: నాలుగు పోగుల అంచుకు విడి దోనె లేదు, బరువు ఎలా కట్టాలి?

పడుగుపేక:

విడి దోనె అక్కర్లేదు. ఒక్కో అంచు పడుగును రెండు మూడు గుత్తులు చేసి మగ్గం వెనక దూలం మీదుగా తాళ్ళతో వేలాడదీయండి, చివర ఇసుక సంచులు కట్టండి. బరువు ఇంతని ముందే చెప్పలేం. ఒక సంచికి అరకిలోతో మొదలెట్టి, పేక పోవడానికి పడుగు పోగులు విడినప్పుడు అంచు పోగులు బాడీ పోగులంత బిగువుగా ఉన్నాయా అని చేత్తో తట్టి చూస్తూ ఇసుక కలపండి. రెండంచుల సంచులూ తూకంలో సమానంగా ఉండాలి, లేకపోతే చీర ఒక పక్కకు లాగుతుంది. నేసే కొద్దీ సంచులు పైకి వస్తాయి, దూలాన్ని తాకక ముందే తాడు వదలాలి.